లంకమల చీకట్లో దొరికిన కలివికోడి

1986 జనవరి. కడప జిల్లా, లంకమల కొండల దిగువన రెడ్డిపల్లె. రాత్రి వేటకు బయల్దేరిన ఐతన్న టార్చి వేశాడు. కలివి పొదల మధ్య ఖాళీ నేల మీద ఒక పిట్ట నిలబడి ఉంది. వెలుగుకు కళ్లు చెదిరి, ఎగరాలన్న ఆలోచన కూడా లేనట్టు బిగుసుకుపోయింది. పట్టుకున్నాడు.

పావురం కన్నా చిన్నది. కాళ్లు పొడుగు, కళ్లు పెద్దవి. కంటి మీదుగా వెడల్పాటి తెల్లటి చార. గొంతు దగ్గర ఇటుక రంగు మచ్చ. రొమ్ముకు అడ్డంగా రెండు గోధుమ పట్టీలు, వాటి మధ్య తెలుపు. ముక్కు పసుపు, కొన మాత్రం నలుపు.

ఐతన్నకు అది కలివికోడి. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున ఆ ఊళ్లలో తిరుగుతున్న పరిశోధకుడు భరత్ భూషణ్‌కు మాత్రం అది అంతరించిపోయిందనుకున్న జెర్డాన్స్ కోర్సర్. భూషణ్ పల్లెపల్లెకూ వెళ్లి, బొమ్మలు చూపించి, ఈ పిట్టను ఎప్పుడైనా చూశారా అని అడుగుతూ వచ్చారు. తెలుసన్నవాళ్లు ఉన్నారు. తెలిసినవాడే తెచ్చి చేతిలో పెట్టాడు.

రొమ్ము మీది ఆ రెండు పట్టీలతో అనుమానం తీరింది. బొంబాయికి కబురందగానే 89 ఏళ్ల సాలిం అలీ బయల్దేరి వచ్చారు. పట్టుబడిన పక్షి మాత్రం ఎక్కువ రోజులు బతకలేదు.

అంతరించిపోయిందని ఎందుకనుకున్నారు? ఆ కథ జెర్డాన్‌తో మొదలవుతుంది. నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన టి.సి. జెర్డాన్ వెలుగులోకి తెచ్చిన ఈ పక్షికి 1848లో శాస్త్రీయ నామం వచ్చింది. 1900లో హోవర్డ్ క్యాంబెల్ దీన్ని అనంతపురం ప్రాంతంలోని పెన్నా లోయలో చూశాడు. ఆ తర్వాత 86 ఏళ్ల పాటు చూశామన్న నమ్మదగిన కబురు లేదు. 1929-32 మధ్య తూర్పు కనుమల్లో పక్షులను సేకరించిన వెర్నే సర్వేకూ ఇది చిక్కలేదు.

చిక్కకపోవడానికి కారణం దాని నడవడిలోనే ఉంది. కలివికోడి రాత్రించరి. పగలంతా పొద నీడలో మట్టిరంగులో కలిసిపోయి కూర్చుంటుంది. దూరదర్శినులు పట్టుకుని పగటిపూట తిరిగే పరిశోధకుడి కంటికి ఆనదు. రాత్రిపూట అడవిలో తిరగడం అలవాటైన పల్లె మనిషికే ఎదురుపడుతుంది. శాస్త్రజ్ఞులు ‘లేదు’ అని రాసుకున్న ఏళ్లలో కూడా లంకమల పల్లెల్లో దాన్ని పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నారు.

తర్వాతి పరిశోధకులు ఈ పాఠం నేర్చుకున్నారు. పి. జగన్నాథన్, ఆయన సహచరులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి అడుగుజాడలు చూశారు. ఆటోమేటిక్ కెమెరాలు అమర్చారు. పొద్దువాలాక వినిపించే రెండు ముక్కల కూతను రికార్డు చేసి, దానితోనే ఆచూకీ తీశారు. కంటితో కాక చెవితో పోల్చుకునే పక్షి అయింది.

దీని గుడ్డు కథ ఇంకా వింత. 1917లో కోలారు బంగారు గనుల్లో పశువైద్యుడిగా ఉన్న ఎర్నెస్ట్ మీటన్ సేకరించిన ఒక గుడ్డు స్కాట్లాండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఉండిపోయింది. 2013లో దాని డీఎన్‌ఏను పాత నమూనా పక్షి డీఎన్‌ఏతో పోల్చి కలివికోడిదేనని తేల్చారు.

ఐతన్నకు పిట్ట చిక్కిన రెండేళ్లకు, 1988లో, తపాలా శాఖ దాని బొమ్మతో స్టాంపు వేసింది. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ తవ్వకం దాని ఆవాసంలోకి చొరబడినప్పుడు కాలువ దారి మళ్లించాల్సి వచ్చింది.

కళ్యాణదుర్గం పాఠకులకు ఈ కథ పరాయిది కాదు. క్యాంబెల్ దాన్ని చూసింది మన జిల్లాలోనే. దానికి చిట్టడవి కావాలి: పొదలుండాలి, పొదల మధ్య ఖాళీ నేల ఉండాలి. పొదలు నరికి చదును చేస్తే నిలవదు, చెట్లు ఒత్తుగా పెరిగినా నిలవదు. మన రెవెన్యూ రికార్డుల్లో అలాంటి నేలకు బంజరు అని పేరు. వేరుశనగ చేలకూ గాలిమరలకూ మధ్య మిగిలిన ఆ కాస్త బంజరును పనికిరాని భూమి అనుకోకండి. పొద్దువాలాక అటు వెళ్లినప్పుడు తెలియని కూత ఏదైనా వినిపిస్తే ఫోన్‌లో రికార్డు చేయండి. పిట్టను పట్టవద్దు. గొర్రెల కాపరుల్లో పెద్దవాళ్లు ఏదైనా పేరు చెబితే, కొట్టిపారేయకుండా రాసిపెట్టుకోండి.