పేరు మారితే మందు మారును

కడుపుబ్బరం, వికారం, వాంతి – ఇవి రాజ్యాల పొలిమేరలు ఎరుగని బాధలు. వీటికి వాడే మూలికలూ అట్టివే. తెలుగు, తమిళ, కన్నడ సీమలు కలిసే కుప్పం ప్రాంతమే ఇందుకు నిదర్శనం. మనం వాము అనే గింజను తమిళులు ఓమమనీ, కన్నడిగులు ఓమ అనీ అంటారు. ఉర్దూ మాట్లాడే ఇండ్లలో అదే అజ్వాయిన్. మన అల్లం తమిళంలో ఇంజి, ఉర్దూలో అద్రక్, అరబ్బీలో జంజబీల్. దివ్య ఖుర్‌ఆన్ 76వ సూరా 17వ ఆయతులో స్వర్గవాసుల పానీయ ప్రసక్తిలో వచ్చే జంజబీల్ ఇదే. ఈ అరబ్బీ పదపు మూలం భారతదేశంలోనే ఉన్నదని భాషా శాస్త్రజ్ఞులు అంటారు.

ఈ రాకపోకలకు అనువాదకులే వారధి కట్టారు. హారూన్ రషీద్ పాలనలో (786–809) బాగ్దాదులో బర్మకీ మంత్రులు భారతీయ వైద్యులను ఆదరించారు. సుశ్రుత గ్రంథం అరబ్బీలోకి వచ్చిన సంగతిని 10వ శతాబ్దికి చెందిన ఇబ్న్ నదీమ్ తన 'ఫిహ్రిస్త్'లో పేర్కొన్నాడు. 850లో 'ఫిర్దౌసుల్ హిక్మత్' ముగించిన అలీ బిన్ రబ్బన్ తబరీ అందులో భారతీయ వైద్యానికి ప్రత్యేక భాగమే కేటాయించాడు. మన త్రిఫల వారి నోట ఇత్రీఫల్ అయింది. మన చింతపండును అరబ్బులు 'తమర్ హిందీ', అనగా హిందూదేశపు ఖర్జూరం, అన్నారు. దానిని నానబెట్టిన నీటిని హకీములు పైత్యపు వాంతికి ఇచ్చేవారు. అటునుండి మనకు జవారిష్‌లు వచ్చాయి. జీర్ణమనే అర్థం గల పారసీక పదం నుండి పుట్టిన పేరది. జీలకర్ర, శొంఠి, మిరియాలు తేనెతో కలిపి చేసే లేహ్యమే జవారిషె కమ్మూనీ. కమ్మూన్ అనగా జీలకర్ర.

అయితే పేర్ల సారూప్యం ఒక్కొక్కప్పుడు ప్రాణాల మీదికి తెస్తుంది. యునానీ గ్రంథాలలో అజ్వాయిన్ ఖురాసానీ అనే మరొక దినుసు ఉన్నది. తెలుగులో దానినీ ఖురాసానీ వాము అంటారు. పాఠకుడు దానిని ఖురాసాను నుండి వచ్చిన మేలురకం వాము అనుకొనే ప్రమాదమున్నది. నిజానికి వాము కొత్తిమీర కుటుంబపు మొక్క. ఇది ఉమ్మెత్త కుటుంబానిది. హకీములు దీనిని శుద్ధిచేసి, నొప్పికీ నిద్రకూ అతి స్వల్ప మోతాదులో మాత్రమే వాడారు. దీనిలోని స్కోపోలమిన్‌ను నేటి వైద్యులు ప్రయాణపు వాంతులకు కొలిచి ఇస్తారు. కాని వాము నమిలినట్లు ఈ గింజలు నమిలితే నోరెండి, కనుపాపలు విచ్చుకొని, మతి తప్పును, మరణమూ సంభవించవచ్చు.

కనుక వైద్య గ్రంథాన్ని తెలుగు చేయువారు పదానికి పదం పెట్టి తృప్తిపడరాదు. మొక్క కుటుంబం, వాడే భాగం, మోతాదు, విషలక్షణం – ఈ నాలుగూ పేరు పక్కనే ఉండాలి. చదివేవాడు ఆ పుట చూసుకొనే అంగడికి వెళ్ళును.