మస్నవీలోకి నడిచొచ్చిన కుందేలు

సింహానికి బావిలో దాని నీడనే చూపించి మట్టుపెట్టిన కుందేలు తెలుగువారికి పంచతంత్రం ద్వారా పరిచయం. ఈ కథ ఉన్న మిత్రభేదం అనే భాగాన్ని చిన్నయసూరి 1853లో నీతిచంద్రికలో మంచి వచనంగా మలిచాడు. అంతకు దాదాపు ఆరువందల ఏళ్ల ముందే కొన్యా నగరంలో జలాలుద్దీన్ రూమీ అదే కుందేలును తన పారశీక కావ్యం మస్నవీలోకి తెచ్చాడు.

దాని ప్రయాణం చాలా పాతది. 6వ శతాబ్దంలో ఇరాన్ చక్రవర్తి ఖుస్రో అనూషిర్వాన్ కాలంలో బుర్జోయ్ అనే వైద్యుడు పంచతంత్ర కథలను పహ్లవీలోకి మార్చాడు. 8వ శతాబ్దంలో ఇబ్న్ అల్ ముఖఫ్ఫా వాటిని అరబ్బీ చేశాడు. కథల్లోని నక్కలు కరటక దమనకులు కలీలా, దిమ్నా అయ్యారు. 10వ శతాబ్దంలో రూదకీ పారశీక పద్యాల్లో చెప్పాడు, 12వ శతాబ్దంలో నస్రుల్లా మున్షీ వచనంలో రాశాడు. ఇంతవరకూ ఇవి రాజులకు లోకనీతి నేర్పే కథలే.

సూఫీ కవులు వాటికి వేరే పని అప్పగించారు.

దైవానుభవాన్ని నేరుగా చెప్పడం కష్టం. మనిషిలోని ఆశను, భయాన్ని, అహంకారాన్ని మాత్రం ఒక్కో జంతువుగా నిలబెట్టి చూపించవచ్చు. నిషాపూర్ కవి అత్తార్ 12వ శతాబ్దంలో 'మన్తిఖుత్ తైర్' అనే పక్షుల కావ్యం అలాగే రాశాడు. పక్షులన్నీ తమ రాజు సీముర్గ్‌ను వెతుక్కుంటూ బయల్దేరాలనుకుంటాయి. ఖురాన్‌లో సులేమాన్ ప్రవక్తకు వార్త మోసిన హుద్‌హుద్, అంటే కుకుడుగువ్వ, వాటికి దారి చూపే గురువు. గులాబీని వదల్లేనంటుంది బుల్‌బుల్. నీళ్లు విడిచి రాలేనంటుంది బాతు. పాడుబడిన గోడల్లోని నిధి చాలంటుంది గుడ్లగూబ. చివరికి ఏడు లోయలు దాటి ముప్పై పక్షులే చేరతాయి. ఆ రాజులో వాటికి కనిపించేది తమ రూపమే.

రూమీ కుందేలు కథలోనూ ప్రతిబింబమే కీలకం. మస్నవీ మొదటి సంపుటిలో అడవి జంతువులు దేవుడిపై భారం వేయడమే మేలంటాయి. ప్రయత్నం కూడా ఉండాలని సింహం వాదిస్తుంది. పంచతంత్రంలో తెలివి బలాన్ని గెలిచిందని చెప్పే బావి ఘట్టం ఇక్కడ మరో అర్థం తెచ్చుకుంటుంది: ఎదుటివారిలో మనం చూసే దుర్గుణాల్లో చాలా వరకు మనవే. బయటి శత్రువు పోయాక లోపలి శత్రువైన 'నఫ్స్' మిగిలే ఉంటుందనీ రూమీ హెచ్చరిస్తాడు.

కథ ఎక్కడిదో రూమీ దాచలేదు. నాలుగో సంపుటిలో మూడు చేపల కథ ఎత్తుకుంటూ కలీలా గ్రంథం పేరు చెప్పాడు. ఆ చేపలే పంచతంత్రంలోని అనాగతవిధాత, ప్రత్యుత్పన్నమతి, యద్భవిష్యుడు. మిత్రభేదం చదివినవారు మస్నవీని కూడా పక్కన పెట్టుకుని చదవాలి. ఒకే కథ రాజనీతిగానూ ఆత్మవిద్యగానూ ఎలా పనిచేసిందో అప్పుడే పూర్తిగా తెలుస్తుంది.