ముర్గాబ్ జిల్లా

ముర్గాబ్ జిల్లా తజికిస్తాన్ దేశపు తూర్పు కొసన, గోర్నో-బదఖ్షాన్ స్వయంప్రతిపత్తి ప్రాంతంలో ఉన్న ఒక జిల్లా. విస్తీర్ణంలో ఇది దేశంలోకెల్లా పెద్దది. సుమారు 37 వేల చదరపు కిలోమీటర్ల ఈ జిల్లా దేశ భూభాగంలో నాలుగవ వంతుకు పైగా ఆక్రమించినది. జనాభా మాత్రం 15 వేల ప్రాంతంలోనే ఉన్నది. జిల్లా కేంద్రమైన ముర్గాబ్ సముద్రమట్టానికి 3,600 మీటర్లకు పైబడిన ఎత్తులో కలదు. తుర్క్‌మెనిస్తాన్‌లోని ముర్గాబ్ నది వేరు, ఈ జిల్లాలోని ముర్గాబ్ నది వేరు.

భౌగోళికం

జిల్లాకు ఉత్తరాన కిర్గిజిస్తాన్, తూర్పున చైనా, దక్షిణాన ఆఫ్ఘనిస్తాన్‌కు చెందిన వాఖాన్ ప్రాంతం సరిహద్దులు. భూభాగమంతా పామీర్ పీఠభూమియే. ఉత్తర సరిహద్దులో 7,134 మీటర్ల లెనిన్ శిఖరం ఉన్నది. తజికిస్తాన్ 2006లో దీనికి అబూ అలీ ఇబ్న్ సినా పేరు పెట్టినది. పర్వతాలు మేఘాలను అడ్డగించుటచే ముర్గాబ్‌లో ఏడాదికి 100 మిల్లీమీటర్ల వర్షపాతం కూడా ఉండదు. ఎత్తైన ఈ ప్రదేశం నిజానికి ఒక చల్లని ఎడారి. చెట్లు దాదాపుగా లేవు.

కారాకుల్ ఉప్పునీటి సరస్సు. దీని నుండి నీరు బయటికి పారే మార్గం లేదు. ఉల్కాపాతం వలన ఏర్పడిన గుంటలో ఇది ఉన్నదని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఆఫ్ఘనిస్తాన్‌లో పుట్టిన అక్సు నది ముర్గాబ్ పేరుతో పడమరకు ప్రవహించి సారెజ్ సరస్సులో చేరును. 1911 ఫిబ్రవరి 18న సంభవించిన భూకంపంలో కొండ విరిగిపడి ఉసోయి గ్రామాన్ని పూడ్చివేసినది. నదికి అడ్డంగా సుమారు 567 మీటర్ల ఎత్తైన సహజమైన ఆనకట్ట ఏర్పడి, వెనుక పెరిగిన నీటిలో సారెజ్ గ్రామం మునిగినది. ఆ గ్రామం పేరే సరస్సుకు వచ్చినది. ఈ కట్ట తెగినచో దిగువనున్న బార్తాంగ్ లోయకు ముప్పు. అందువలన 2000 దశకంలో అక్కడ హెచ్చరిక వ్యవస్థను ఏర్పాటు చేసిరి.

చరిత్ర, పరిపాలన

1893లో రష్యన్లు ఇక్కడ పామీర్‌స్కీ పోస్ట్ అను సైనిక స్థావరాన్ని నెలకొల్పిరి. నేటి ముర్గాబ్ పట్టణానికి మూలమిదే. చైనాతో సరిహద్దు వివాద పరిష్కారంలో భాగంగా తజికిస్తాన్ సుమారు వెయ్యి చదరపు కిలోమీటర్ల పామీర్ భూమిని వదులుకొన్నది. ఈ ఒప్పందాన్ని 2011లో పార్లమెంటు ఆమోదించినది.

జిల్లా పాలనా యంత్రాంగాన్ని హుకుమత్ అందురు. దాని అధ్యక్షుని దేశాధ్యక్షుడు నియమించును. క్రింది స్థాయిలో గ్రామ సముదాయాలకు జమోఅత్‌లు కలవు. అలిచుర్, రంగ్‌కుల్, కారాకుల్ పేర్కొనదగిన గ్రామాలు. ఒక గ్రామం నుండి మరొక గ్రామానికి పోవుటకు అనేక గంటలు పట్టును కనుక జిల్లా కేంద్రంలో ఒక కాగితం పని కూడా ఇక్కడివారికి ప్రయాణమే.

ప్రజలు, జీవనం

ప్రజలలో అధికులు కిర్గిజ్‌లు, సున్నీ ముస్లిములు. ఇస్మాయిలీ మతశాఖకు చెందిన పామీరీలు కూడా కలరు. వ్యవసాయం దాదాపు లేదు. జడలబర్రెలు, గొర్రెలు, మేకల పెంపకమే ఆధారం. పొడవైన మెలికల కొమ్ములు గల మార్కో పోలో గొర్రె, మంచు చిరుత ఇక్కడి వన్యమృగాలు.

సోవియట్ కాలంలో బొగ్గు, ఆహారం బయటినుండి సరఫరా అయ్యెడివి. 1991 తరువాత ఆ సరఫరా నిలిచిపోయినది. చలికి వేరు దారి లేక ప్రజలు తెరెస్కెన్ అను పొదను వేళ్ళతో సహా పెకలించి పొయ్యిలో వాడసాగిరి. ఈ పొద చాలా నెమ్మదిగా పెరుగును. పశువులకు శీతాకాలపు మేత కూడా ఇదే. అందువలన ఇల్లు వెచ్చబెట్టుకొనుటకు మందమేతనే కాల్చవలసి వచ్చుచున్నది. ఊళ్ళ చుట్టుపట్ల తెరెస్కెన్ అంతరించగా, దానిని తెచ్చుటకు దూరప్రాంతాలకు లారీలు పోవలసి వచ్చుచున్నది. పేడ పిడకలు మరొక ఇంధనం.

రవాణా

1930 దశకంలో నిర్మించిన పామీర్ రహదారి జిల్లా మీదుగా ఓష్, ఖోరోగ్ నగరాలను కలుపును. ఇందలి అక్‌బైతాల్ కనుమ ఎత్తు 4,655 మీటర్లు. చైనాతో కుల్మా కనుమ మార్గం 2004లో తెరవబడినది. ముర్గాబ్ బజారులోని దుకాణాలు అనేకం పాత సరుకు కంటైనర్లలోనే నడచుచున్నవి.