ధాత కరువులో రొట్టె శోధన – మన పితరుల పునరుత్థాన విశ్వాసము

శతవార్షికోత్సవ సంచికకు వ్యాసము వ్రాయమన్నప్పుడు గుడి కట్టిన సంవత్సరము, గంట వచ్చిన ఓడ, దొరల రాకపోకలు వ్రాయడం మన అలవాటు. వాటిని వ్రాయగల పెద్దలు ఈ సంచికలోనే ఉన్నారు గనుక నేను వేరొక ప్రశ్నను తీసికొంటున్నాను. మన పితరులు ఎందుకు నమ్మారు?

ఈ ప్రశ్నకు మన పల్నాటి ఊళ్లలో సిద్ధముగా ఉన్న జవాబు ఒకటి ఉన్నది. కూటి కోసం కలిసినారు అంటారు. కూటికోసం కోటి విద్యలనే సామెతలో మన బాప్తిస్మమును కూడా ఒక విద్యగా చేర్చివేసినారు. ఈ మాట విని మనవారు చాలామంది తల వంచుకొని ఊరుకుంటారు, కొందరు కోపము తెచ్చుకుంటారు. రెండూ అక్కరలేదు. ఇది చరిత్రకు సంబంధించిన ఆరోపణ. చరిత్రలోనికి వెళ్లి పరిశీలించవచ్చును.

పల్నాటికి సువార్త కరువుకు ముందే వచ్చినది. లూథరన్ మిషనెరీ హేయర్ అయ్యగారు 1842 జూలై 31న గుంటూరు చేరి, 1849లో గురజాలకు వచ్చి నివసించినారు. కాని నేను చెప్పబోయే కథ ఒంగోలుది, బాప్తిస్టు మిషనుది. మన అధ్యక్ష మండలపు సంచికలో వారి కథ ఎందుకని కొందరికి తోచవచ్చు. ఆరోపణ అందరి మీద ఉన్నప్పుడు, అందులో అతి పెద్ద నిదర్శనముగా ఎత్తి చూపబడే సంఘటననే పరీక్షించడం న్యాయము గదా. ఆ సంఘటన 1878లో గుండ్లకమ్మ ఏటి ఒడ్డున జరిగినది. ముంచడమా, చిలకరించడమా అనే పాత తగవు ఇక్కడ అనవసరము.

జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు 1866 సెప్టెంబరులో ఒంగోలుకు కాపురము వచ్చినారు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో సంఘము ఏర్పడినది. ఆయన వద్దకు మొదట వచ్చినవారిలో ఎర్రగుంట్ల పేరయ్యగారు ముఖ్యుడు. ఒంగోలుకు పడమట దాదాపు 40 మైళ్ల దూరాన ఉన్న పల్లెలో మాదిగ కులమున పుట్టి, తోళ్ల వ్యాపారము చేసినవాడు. అంతకుముందు రాజయోగ మార్గములో గురువుల వద్ద ఉపదేశము పొందినవాడు. ఏలూరు వైపు వ్యాపారానికి వెళ్లినప్పుడు క్రీస్తును గూర్చి విన్నాడు. అప్పటికి కరువు లేదు, మిషనులో పంచిపెట్టే గింజలు లేవు. సత్యము కోసం ఏళ్ల తరబడి తిరిగినవాడే ఆ ప్రాంతపు మాదిగ సంఘాలకు మొదటి పునాది రాయి అయినాడు. ఈ ఒక్క సంగతిని మన ప్రసంగీకులు తరచుగా మరచిపోతారు.

ఆ తొలి రోజులలోనే ఒక శోధన వచ్చినది. పై కులముల కుర్రవారు కొందరు బడికి వస్తున్నారు, సువార్త వింటున్నారు. మాదిగలను చేర్చుకొనకుంటే తాము వస్తామన్నట్లు వారి పెద్దల ధోరణి. ఊరిలో గౌరవము, చదువుకున్న సంఘము, పలుకుబడి అన్నీ ఒక్క కాదనడముతో లభించేవే. ఒకే సమయమున క్లౌ దొరగారు ఒక గదిలో, ఆయన భార్య హారియట్ దొరసానిగారు మరొక గదిలో బైబిలు తెరిస్తే, ఇద్దరికీ మొదటి కొరింథీ పత్రిక 1వ అధ్యాయము 26వ వచనము మొదలుకొని ఉన్న భాగమే కనబడిందని ఆయనే తరువాత చెప్పుకున్నారు. దేవుడు లోకములో నీచులైనవారిని ఏర్పరచుకొనెనను భాగమది. మాదిగలు చేర్చుకోబడినారు. పై కులముల పిల్లలు బడి విడిచి వెళ్లినారు. ఎత్తయిన కొండ మీద లోక రాజ్యములన్నిటిని చూపిన శోధన ఒంగోలుకు వస్తే ఇలాగే ఉంటుంది.

ఇక చేరినవారి సంగతి. చేరినవారికి సంఘము పెట్టిన నియమములు మూడు: ఆదివారము పని చేయరాదు, విగ్రహములను పూజింపరాదు, చచ్చిన గొడ్డు మాంసము తినరాదు. ఇవి చిన్న నియమములని మనకు తోచవచ్చు. ఊరి జాతరలో డప్పు కొట్టడం మాదిగవాని విధి. కొట్టనంటే ఊరికి ఎదురు తిరిగినట్లే. అందుకు ప్రతిగా పని ఇవ్వకుండా, బావి దగ్గరికి రానీయకుండా, కళ్లములో ఇచ్చే మేర ఆపివేసి వారిని బాధించినారు. చచ్చిన గొడ్డు మాంసము ఆకలి రోజులలో దొరికే ఏకైక ఆహారము. అంటే కరువుకు ముందు పదేళ్ల పాటు ఆ సంఘములో చేరినవాడు కూడు సంపాదించుకోలేదు, ఉన్న కూడు పోగొట్టుకున్నాడు. కూటి కోసం కలిసినారనే మాటకు మొదటి జవాబు ఇది.

1876లో వర్షాలు పోయినవి. ధాత నామ సంవత్సరము గనుక మన పెద్దలు దానిని ధాత కరువు అన్నారు. 1878 దాకా దక్షిణ దేశమును పీడించినది. లక్షలాది మంది ఆకలికీ, వెంట వచ్చిన కలరాకూ చనిపోయినారు. ప్రభుత్వపు సహాయము ఎంత పిసినారిదో చెప్పాలంటే, 1877 మొదట్లో సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసు రాజధానిలో పెట్టించిన కొలత ఒక్కటి చాలు: పని చేసే పురుషునికి రోజుకు ఒక పౌను ధాన్యము, అంటే అర కిలోకు తక్కువ, ఒక అణా డబ్బు. బకింగ్‌హాం కాలువ తవ్వకము ఆ కరువు పనులలో ఒకటి. క్లౌ దొరగారికి సర్వే పని తెలుసు. మూడున్నర మైళ్ల కాలువ తవ్వకము గుత్తకు తీసికొని, తమ బోధకులను మేస్త్రీలుగా నియమించి, వేలాది మందికి పని ఇచ్చినారు. మధ్యాహ్నపు విరామములో బోధకులు కూలీల మధ్య కూర్చుండి మాట్లాడేవారు. ప్రయాసపడి భారము మోయువారిని ప్రభువు పిలిచిన మాట, మత్తయి 11:28, ఆ గట్ల మీద ఎన్నిసార్లు వినబడిందో లెక్కలేదు. మట్టి తట్ట దించి కూర్చున్నవారికి ఆ వాక్యమునకు వ్యాఖ్యానము అవసరము లేదు.

వేలమంది బాప్తిస్మము కోరినారు. క్లౌ దొరగారు ఇవ్వలేదు. 1877 మార్చి మొదలు 1878 జూన్ దాకా, సుమారు 15 నెలల పాటు, సహాయము సాగుతున్నంత కాలము, ఒక్కరికి కూడా బాప్తిస్మము వద్దన్నారు. ఈ నిరాకరణను నేను ఆ కాలపు చరిత్ర అంతటిలో గొప్ప కార్యముగా ఎంచుతాను. 2,222 అనే సంఖ్యను మనం సంచికల అట్టల మీద వేస్తాము. 15 నెలల సున్నాను ఎవరూ వేయరు.

అరణ్యములో నలువది దినములు ఉపవాసమున్న మన ప్రభువు రాళ్లను రొట్టెలు చేయలేదు. అదే ప్రభువు ఆకలిగొన్న అయిదు వేలమందికి రొట్టెలు పెట్టినాడు. అంటే రొట్టె పాపము కాదు. ఆకలిగొన్నవానికి పెట్టకపోవడమే పాపము. యోహాను 6వ అధ్యాయము చదివితే తరువాతి సంగతి తెలుస్తుంది. రొట్టె తిన్న జనము ఆయనను రాజుగా చేయబోతే ఆయన కొండకు వెళ్లిపోయినాడు. మరునాడు వెదకుచు వచ్చినవారితో, మీరు రొట్టెలు తిని తృప్తి పొందినందుకే నన్ను వెదకుచున్నారని ముఖము మీదనే చెప్పినాడు. రొట్టె పెట్టడము ఒకటి, రొట్టెకు మారుగా విశ్వాసమును కొనడము వేరొకటి. కాలువ గట్టు మీద క్లౌ దొరగారు మొదటిది చేసి రెండవది మానినారు. సంఖ్యలు చూపి స్వదేశములో చందాలు తెచ్చుకోగల మిషనెరీకి అది చిన్న శోధన కాదు.

1878 జూన్‌లో సహాయము ముగింపుకు వచ్చినది. ఒంగోలుకు ఉత్తరాన, గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లి వద్దకు క్రైస్తవులను మాత్రమే రమ్మని కబురు పంపితే, బాప్తిస్మము కోరేవారు కూడా వేలాదిగా వచ్చినారు. ఇక ఇవ్వడానికి డబ్బు లేదని దొరగారు స్పష్టముగా చెప్పినారు. తమకు సహాయము అక్కరలేదని వారు చెప్పినారు. తమ చేతుల బొబ్బలే తాము పని చేసి తిన్నామనుటకు సాక్ష్యమనీ, రాబోయే పంట కూడా పోతే చస్తామనీ, చచ్చేది క్రైస్తవులముగా చస్తామనీ, బాప్తిస్మమిమ్మనీ కోరినారు. బోధకులు తమ తమ పల్లెలవారిని విచారించినారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మూడు దినములలో మొత్తము 3,536 మంది బాప్తిస్మము పొందినారు. ఆరుగురు బోధకులు, ఒక్కొక్కసారి ఇద్దరు చొప్పున ఏటిలో నిలిచి ఇచ్చినారు. సంవత్సరాంతమునకు ఒంగోలు సంఘము 12,000 దాటినది. తరువాతి ఏళ్లలో ఆ సేవ వినుకొండ, నరసరావుపేట, బాపట్ల, కంభము కేంద్రములుగా విడివడి మన మైదానములలోనికి వచ్చినది.

వారి ఉద్దేశములన్నీ కల్మషము లేనివేనా? అలాగని నేను చెప్పను. ఆకలిలో తమను మనుష్యులుగా చూచినవారి దేవుని మీద ప్రేమ కలగడం సహజము. ఊరు తమకివ్వని మర్యాద సంఘములో దొరుకుతుందనే ఆశ కూడా ఉన్నది. అది తప్పని నేననుకోను. కాని కూడు అనే కారణము మాత్రము ఇక్కడ చెల్లదు. కూడు ఉన్నప్పుడు బాప్తిస్మము దొరకలేదు, బాప్తిస్మము దొరికినప్పుడు కూడు లేదు.

వారు అడిగినది ఏమిటో మరొకసారి చూడండి. బ్రతికించమని కాదు, క్రైస్తవులముగా చావనిమ్మని. ఏ కుటుంబములో చూచినా చావు చూచిన జనము వారు. ఏటిలో మునగడం క్రీస్తుతో పాతిపెట్టబడడము, లేవడం ఆయనతో లేవడమని రోమా పత్రిక 6వ అధ్యాయము. ఈ మాటకు ఆధారము లేకపోతే వెల్లంపల్లిలో జరిగినదంతా ఏటి స్నానమే. మృతులు లేపబడని యెడల తిందము త్రాగుదము, రేపు చత్తుము గదా అని లోకము చెప్పే మాటను పౌలు మొదటి కొరింథీ 15:32లో ఎత్తి చూపినాడు. అది రొట్టె శోధనకు గట్టి వాదము. మరణమే చివరిదైతే ఆకలిగొన్నవాడు రొట్టెను కాదనడానికి కారణమేమీ లేదు. కాబట్టి శోధనను జయించడమనే విషయము చివరకు పునరుత్థానము నిజమా కాదా అనే ప్రశ్న మీద ఆధారపడి ఉన్నది.

నిజమని నమ్మడానికి కారణములు ఉన్నవా? గుండ్లకమ్మ జనుల విశ్వాసము దానికి రుజువు కాదు. వారు కన్నులారా చూచినవారు కారు. రుజువు యెరూషలేములోనే వెదకాలి. మొదటి కొరింథీ పత్రిక క్రీ.శ. 55 ప్రాంతములో వ్రాయబడినది, సిలువ తరువాత సుమారు పాతికేళ్లకు. అందులో పౌలు తాను పొందిన సాక్ష్యమునే అప్పగించితిననుచున్నాడు గనుక ఆ సాక్ష్యము ఇంకా పాతది. తాను మారిన మూడేండ్లకు యెరూషలేములో పేతురును, ప్రభువు సహోదరుడైన యాకోబును కలిసినట్లు గలతీ పత్రికలో ఉన్నది. అయిదు వందలమందికి ఆయన కనబడెననీ, వారిలో ఎక్కువమంది ఇంకా బ్రతికే ఉన్నారనీ వ్రాసినాడు. పోయి అడుగుకొనుమన్నట్లే గదా. కట్టుకథ వ్రాసేవాడు సాక్షుల చిరునామా ఇవ్వడు.

ఖాళీ సమాధిని మొదట చూచినది స్త్రీలని నాలుగు సువార్తలూ చెబుతున్నవి. ఆనాటి యూదుల న్యాయసభలలో స్త్రీ సాక్ష్యమునకు విలువ తక్కువ. కల్పించేవారైతే పేతురునో యోహానునో ముందు పంపేవారు. యాకోబు సంగతి చూడండి. ప్రభువు జీవించియుండగా ఆయన సహోదరులు విశ్వసించలేదని యోహాను 7:5. ఆ యాకోబే యెరూషలేము సంఘ పెద్ద అయి, క్రీ.శ. 62లో రాళ్లతో చంపబడినట్లు యూదుల చరిత్రకారుడు జోసీఫస్ వ్రాసినాడు. సౌలు అయితే శత్రువే. ఈ ఇద్దరినీ మార్చినది ఏమిటి?

నమ్మినదాని కోసం చనిపోయినవారు అన్ని మతములలోను ఉన్నారు గదా అని మన యువకులు అడుగుతారు. మంచి ప్రశ్న. చావు ఒకని నిజాయితీని చూపుతుందే గాని వాని మాట సత్యమని నిరూపించదు. కాని ఇక్కడ భేదమున్నది. ఇతరులు విన్నదాని కోసం చనిపోయినారు. అపొస్తలులు తాము చూచితిమని చెప్పినదాని కోసం బాధపడినారు. అది అబద్ధమైతే, అబద్ధమని తెలిసినవారు వారే. వారికి దొరికినది ఏమి? రెండవ కొరింథీ 11వ అధ్యాయములో పౌలు తన ఆదాయపు లెక్క వ్రాసినాడు: దెబ్బలు, చెరసాలలు, ఓడ పగిలిపోవడము, ఆకలిదప్పులు. లాభము లేని సాక్షిని కోర్టు కూడా తేలికగా త్రోసివేయదు. మన పితరులను పరీక్షించడానికి వాడిన గీటురాయితోనే అపొస్తలులనూ పరీక్షించవచ్చును.

ఇంత వ్రాసి, నేటి రొట్టె శోధనను విడిచిపెడితే ఈ వ్యాసము పాత కథగా మిగిలిపోతుంది. మిరప ధర పడిపోయిన ఏడు, పత్తికి పురుగు పట్టిన ఏడు, సున్నపు బట్టీలలో పని తగ్గిన ఏడు మన పిడుగురాళ్ల సంఘములో కానుక పెట్టె తేలిక అవుతుంది. అది శోధన కాదు, కష్టము మాత్రమే. శోధన కాగితము రూపములో వస్తున్నది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము షెడ్యూల్డు కులముల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించినారు, క్రైస్తవులకు లేదు. మన రాష్ట్రములో క్రైస్తవులైన దళితులు బి.సి.-సి వర్గములో 1 శాతము రిజర్వేషనుకు పరిమితులు. ఊరి చివర పల్లె అదే, వివక్ష అదే, గుడి మారినందుకు హక్కు పోయినది. ఇది అన్యాయమని సంఘము గట్టిగా అడగవలసినదే, అడుగుతూనే ఉన్నది.

బిడ్డ చదువు కోసం మతము గడిలో వేరే మాట వ్రాసిన తల్లిని నేను నిందించలేను. రాయిని చూపి రొట్టె చేసుకోమన్న వాడు ప్రభుత్వ కార్యాలయపు కిటికీ వెనుక నుండి మాట్లాడితే, నలువది దినములు కాదు, నాలుగు తరముల ఆకలి ఉన్న ఇంటికి అది ఎంత పెద్ద శోధనో పాదిరి జీతము తీసికొనే నాకంటె ఆమెకు బాగా తెలుసు. అయినా బి.సి.-సి అని ఉన్నదున్నట్లు వ్రాయించుకొని, పోయిన సీటుకు ఏడ్చి, ఆదివారము గుడికి వచ్చి కూర్చునే కుటుంబములు మన సంఘములలో ఉన్నవి. దాతల జాబితాలో, కమిటీ ఫోటోలలో వారి పేర్లు కనబడవు. వెల్లంపల్లిలో ఏటిలోనికి దిగినవారి పేర్లు కూడా మన సంచికలలో ఎక్కడా అచ్చు కాలేదు.