ఓడినవాళ్లకూ కుర్చీ వేసే దేశం

2024 మే 13న మన ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ జరిగింది. జూన్ 4న లెక్కింపు. కూటమికి 175 సీట్లలో 164, ఎదుటి పక్షానికి 11. నూటికి 39 ఓట్ల దాకా తెచ్చుకున్న పార్టీకి ప్రతిపక్ష హోదా ఇవ్వాలా వద్దా అని కొనకనమిట్ల నుంచి ఒంగోలు దాకా అందరూ వాదించుకుంటున్న ఏడాదిలోనే నేనుంటున్న మారిషస్‌లోనూ ఎన్నికలొచ్చాయి. ఇక్కడ నవంబరు 10న ఓట్లేసి, మర్నాడు చేత్తో లెక్కపెట్టారు. ఓటుతో నిండే సీట్లు 62. అందులో 60 ఒకే కూటమికి వెళ్లాయి. మిగిలిన రెండూ రోడ్రిగ్స్ అనే చిన్న దీవివి. ప్రధాన దీవిలో అధికార పక్షానికి ఒక్క సీటు కూడా మిగల్లేదు. అప్పటి ప్రధానమంత్రి ప్రవింద్ జగన్నాథ్ సొంత నియోజకవర్గంలోనే ఓడిపోయారు.

ఇలా అరవైకి అరవై రావడం ఇక్కడ మూడోసారి. 1982లో, 1995లో కూడా ఇదే జరిగింది. ఆ సంగతి వినగానే మనవాళ్లు ఫోన్లో అడిగిన మొదటి ప్రశ్న: అట్లయితే సభలో ఎదురు మాట్లాడేవాడే లేడా? ఉన్నారు. ఎట్లా ఉన్నారో తెలియాలంటే ఈ దేశం ఓటు నేర్చుకున్న కథ కొంత చెప్పాలి.

మారిషస్ ఆఫ్రికా ఖండానికి తూర్పున, హిందూ మహాసముద్రంలో ఉన్న దీవి. జనాభా పన్నెండు లక్షల పైచిలుకు. ఫ్రెంచివాళ్ల చేతిలోంచి 1810లో ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చింది. బానిసత్వం రద్దవడంతో చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చి మన దేశం నుంచి ఒప్పందం మీద మనుషుల్ని తెచ్చారు. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో 36 మంది పోర్ట్ లూయీ రేవులో దిగారు. తర్వాత కొన్ని దశాబ్దాల్లో నాలుగున్నర లక్షలమంది దాకా వచ్చారు. కోరంగి, విశాఖపట్నం, గంజాం వైపునుంచి వచ్చిన తెలుగువాళ్లూ వాళ్లలో ఉన్నారు. వాళ్ల మునిమనవలు ఇప్పటికీ సింహాద్రి అప్పన్నను కొలుస్తారు, రామభజనం చేస్తారు, అమ్మోరు పండగ జరుపుతారు. చాలామందికి తెలుగు మాట్లాడటం రాదు, ఇంట్లో ఇక్కడి వాడుక భాష క్రియోల్ మాట్లాడతారు. అయినా ఉగాదికి దేశమంతా సెలవు.

ఆ కూలీల పిల్లలకు ఓటు రావడానికి నూరేళ్లు దాటింది. 1886లో మొదటిసారి సభకు ఎన్నికలు పెట్టినా ఆస్తి ఉన్నవాళ్లకే ఓటు. అరవై ఏళ్లు గడిచినా ఓటర్లు పన్నెండు వేలు దాటలేదు. 1947లో నిబంధన మారింది: దీవిలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా చిన్న వాక్యం చదివి రాయగలిగితే ఓటు ఇస్తామన్నారు. ఊళ్లల్లో రాత్రి బడులు, బైఠకాలనే ఊరి కూటాలు కిటకిటలాడాయి. బసుదేవ్ బిసున్‌దయాళ్ నడిపిన జన ఆందోళన్ కార్యకర్తలు ఊరూరా తిరిగి తోట కూలీలకు అక్షరాలు దిద్దించారు. మార్కాపురం పలకల గనుల చెంత పుట్టినవాణ్ని కాబట్టి నాకీ ఘట్టం మీద ప్రత్యేకమైన ప్రేమ. పగలంతా చెరకు నరికిన చేతులు రాత్రి బలపం పట్టింది ఓటు కోసమే. 1948లో ఓటర్ల సంఖ్య డెబ్బై వేలు దాటింది. ఎన్నికైన 19 మందిలో ఎక్కువమంది భారత సంతతి వాళ్లే. గవర్నరు వెంటనే మరో 12 మందిని తానే నియమించి ఆ గెలుపు బరువు తగ్గించాడు. అందరికీ ఓటు వచ్చింది 1959లో.

ఇక్కడి చరిత్రలో అన్నిటికంటే పెద్ద ఎన్నిక 1967 ఆగస్టు 7న జరిగింది. స్వాతంత్ర్యం కావాలా వద్దా అన్నదే ప్రశ్న. మన దగ్గర ఎవరూ ఊహించలేని ప్రశ్న అది. శివసాగర్ రామ్‌గులామ్ నాయకత్వంలో లేబర్ పార్టీ, దాని మిత్రులు కావాలన్నారు. గేతాన్ దువాల్ నడిపిన పీఎంఎస్‌డీ వద్దంది. ఆఫ్రికా, ఫ్రెంచి మూలాలున్న క్రైస్తవుల్లో, చైనీయుల్లో, ముస్లింలలో కొందరిలో ఒకటే భయం: ఇంగ్లీషువాడు పోతే సంఖ్యలో ఎక్కువున్న హిందువుల చేతిలో నలిగిపోతామని. నూటికి 56 మంది కావాలన్నారు, 44 మంది వద్దన్నారు. నూటికి 44 మంది అక్కర్లేదన్న స్వాతంత్ర్యం అది. 1968 జనవరిలో పోర్ట్ లూయీ వీధుల్లో ఆఫ్రికా మూలాలున్న క్రియోళ్లు, ముస్లింలు కొట్టుకున్నారు, బ్రిటిష్ సైన్యం దిగింది. మార్చి 12న జెండా ఎగిరింది.

అంత భయం ఉన్న దేశం చీలిపోకుండా ఏం కాపాడింది? నా లెక్కలో ఓటు వేసే పద్ధతికి అందులో పెద్ద వాటా ఉంది. 1966లో హెరాల్డ్ బాన్వెల్ నాయకత్వంలో వచ్చిన కమిషన్ సిఫార్సుల్లో కొన్ని మార్పులు చేసి ఆ పద్ధతిని ఖాయం చేశారు. ప్రధాన దీవిలో 20 నియోజకవర్గాలు, ఒక్కోదానికి ముగ్గురు సభ్యులు. ఓటరు కచ్చితంగా మూడు గుర్తులు పెట్టాలి. ఒకటో రెండో పెట్టి వదిలేస్తే ఓటు చెల్లదు. కాబట్టి పార్టీ ముగ్గురినీ ఒకే వర్గం నుంచి నిలబెట్టడానికి జంకుతుంది. తన కులంవాడికి ఒక ఓటు వేసిన మనిషి మిగతా రెండు ఓట్లు ఎవరికివ్వాలో ఆలోచించక తప్పదు. మూడూ ఒకే కూటమికి వేయమని నాయకులు బతిమాలతారు. పెద్ద పార్టీలకు తలా ఒక గుర్తు ఉంది: తాళంచెవి లేబర్ గుర్తు, గుండె ఎంఎంఎం గుర్తు, సూర్యుడు ఎంఎస్ఎం గుర్తు, కోడిపుంజు పీఎంఎస్‌డీ గుర్తు. కూటములు మారినప్పుడల్లా ఒకదాని పక్కన ఇంకొకటి కొత్తగా వచ్చి చేరుతుంది.

ఇక అసలు విశేషం: లెక్కింపు అయిపోయాక మరో ఎనిమిది సీట్ల దాకా నింపుతారు. ఇది ఓడినవాళ్లలో మెరుగైనవాళ్లకు సీటిచ్చే పద్ధతి. మన దగ్గర ఎర్రగొండపాలెం ఎస్సీలకని ఎన్నికకు ముందే ఖాయమై ఉంటుంది. ఇక్కడ ఎన్నిక తర్వాత చూస్తారు, ఏ వర్గానికి సభలో తక్కువమంది వచ్చారని. రాజ్యాంగం నాలుగు వర్గాలు చెప్పింది: హిందూ, ముస్లిం, చైనీయ, ఇక ఈ మూడింటిలో దేనికీ చెందనట్టు జీవన విధానం కనిపించేవాళ్లంతా సాధారణ జనాభా. తక్కువ పడిన వర్గంలో ఓడినవాళ్లలోంచి నియోజకవర్గంలో ఎక్కువ శాతం ఓట్లు తెచ్చుకున్న అభ్యర్థిని ఎన్నికల పర్యవేక్షణ సంఘం సభకు పిలుస్తుంది. మొదటి నాలుగు సీట్లకు పార్టీ చూడరు. తర్వాతి నాలుగు పార్టీల బలం తారుమారు కాకుండా ఇస్తారు. 2024లో జో లెజోంగార్ ఓడిపోయి ఈ దారినే సభలో అడుగుపెట్టి ప్రతిపక్ష నాయకుడయ్యారు.

పద్ధతి ఎంత మంచిదైనా మనుషులు దాన్ని పక్కన పెట్టగలరు. 1969లో ఓడిన దువాల్‌ను రామ్‌గులామ్ ప్రభుత్వంలోకి తీసుకుని విదేశాంగ మంత్రిని చేశారు. అందరూ కలిశారని సంతోషించేలోపే 1972లో జరగాల్సిన ఎన్నికలు వాయిదా వేశారు. అప్పటికే ఎంఎంఎం అనే కొత్త వామపక్ష పార్టీ పుట్టి, 1970 ఉప ఎన్నికలో రామ్‌గులామ్ సొంత నియోజకవర్గంలోనే దేవ్ వీరాస్వామిని గెలిపించుకుంది. తర్వాత క్రియోల్ భాషకు గొప్ప కవి, నాటకకర్త అయింది ఈయనే. 1971 చివర్లో అత్యవసర పరిస్థితి పెట్టి ఆయన్నీ, ఎంఎంఎం నాయకుడు పాల్ బెరాంజేనూ జైల్లో వేశారు, పత్రికలకు కళ్లెం వేశారు. మన 1975 ఎమర్జెన్సీని గుర్తుచేసే రోజులవి. ఓటర్లు 1976 దాకా ఆగాల్సి వచ్చింది. 1975 మేలో ఇక్కడి విద్యార్థులు వీధుల్లోకి రావడంతో 18 ఏళ్లకే ఓటు వచ్చింది. ఆ కుర్రాళ్ల బలంతో ఎంఎంఎం 34 సీట్లతో పెద్ద పార్టీ అయినా, 28 ఉన్న లేబర్ కూటమి 8 ఉన్న పీఎంఎస్‌డీని కలుపుకుని ప్రభుత్వం ఏర్పాటు చేసింది.

ఎంఎంఎం ఓటర్లలో పేరుకున్న ఆ కోపం 1982లో బద్దలైంది. జాతిపితగా పేరున్న రామ్‌గులామ్‌తో సహా అందరూ ఓడారు. నిజానికి గెలిచినవాళ్ల ఓట్లు నూటికి 64 దాకానే, సీట్లు మాత్రం అన్నీ. కానీ తొమ్మిది నెలలకే ఆ ప్రభుత్వం లోపలినుంచి విరిగింది. 1983 ఆగస్టులో మళ్లీ ఎన్నికలు జరిగి, విరిగిన ప్రభుత్వంలో ప్రధానిగా ఉన్న అనిరుధ్ జగన్నాథ్ పాత ప్రత్యర్థులతోనే కలిసి గెలిచారు, ఆ ఏడాది చివర రామ్‌గులామ్‌ను గవర్నర్ జనరల్ చేశారు. ఓడించినవాళ్లే ఓడినాయనకు దేశంలో అత్యున్నత పదవి ఇచ్చారు. ఇది నన్ను బాగా కదిలించిన ఘట్టం.

1995 ఎన్నిక రావడానికి మన భాషకూ సంబంధం ఉంది. అప్పట్లో ఇక్కడ ఆరేళ్ల ప్రాథమిక బడి దాటడానికి రాసే పరీక్షలో ర్యాంకుల కోసం పిల్లలు ప్రాణం పెట్టేవాళ్లు, మంచి బడి దానిమీదే ఆధారపడేది. హిందీ, ఉర్దూ, తమిళం, తెలుగు, మరాఠీ లాంటి భాషల మార్కులను ర్యాంకులో కలపాలని అనిరుధ్ జగన్నాథ్ రాజ్యాంగ సవరణ తెచ్చారు. ఆ భాషలు చదవని క్రియోల్ పిల్లలు వెనకబడతారని వ్యతిరేకత వచ్చింది. నాలుగింట మూడొంతుల బలం దొరకలేదు. సభ రద్దు చేసి ఎన్నికలకు వెళ్లారు, అరవైకి సున్నాతో ఓడిపోయారు. తెలుగు మీద మమకారంతోనే అంటున్నాను, అవతలి పిల్లవాడి భయం కూడా న్యాయమైనదే. గెలిచిన లేబర్, ఎంఎంఎం కూటమి కూడా 1997లో విడిపోయింది. 2000లో అనిరుధ్ జగన్నాథ్ మళ్లీ ప్రధాని అయ్యారు, 2003లో బెరాంజేకు ఆ పదవి అప్పగించారు. హిందువు కాని మొదటి ప్రధాని ఆయనే. 2014లోనూ, 2019లోనూ తన సీటే ఓడిన నవీన్ రామ్‌గులామ్, అంటే శివసాగర్ కొడుకు, 2024లో ప్రధాని అయ్యారు. ఇక్కడ ఓడినవాళ్లను ఊరు మరిచిపోదు.

ఇన్ని మంచి మాటలు చెప్పాక, నాకు ఒప్పుదల కాని విషయమూ చెప్పాలి. వర్గాల వారీగా జనాభా లెక్క చివరిసారి తీసింది 1972లో. ఈనాటికీ అదనపు సీట్లు ఆ లెక్క మీదే ఇస్తున్నారు. అభ్యర్థి నామినేషన్ కాగితం మీద తన వర్గం రాయాలి, రాయకపోతే నామినేషన్ చెల్లదు. రెజిస్తాన్స్ ఎక్ ఆల్తెర్నాతివ్ అనే చిన్న పార్టీవాళ్లు నేను మారిషస్ మనిషిని, అంతే అన్నారు. వాళ్ల ఫిర్యాదు మీద 2012లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ, తాజా జనాభా లెక్క లేకుండా వర్గం చెప్పమని ఒత్తిడి చేయడం తప్పంది. 2014 ఎన్నిక ఒక్కదానికే రాయకపోయినా పరవాలేదని చట్టం చేశారు. తర్వాత మళ్లీ పాత నిబంధనే. రాజ్యాంగం తెలుగు, తమిళ, మరాఠీ సంతతి వాళ్లను విడిగా గుర్తించదు, అందరూ హిందువుల లెక్కలోకే వస్తారు. పార్టీలు మాత్రం టికెట్ ఇచ్చేటప్పుడు, మంత్రి పదవులు పంచేటప్పుడు ఒక్కొక్కరినీ విడివిడిగా లెక్కేస్తాయి. మన ప్రాంతంలో టికెట్ల లెక్క చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

నేను ఇంకా భారత పౌరుణ్నే. అయినా కామన్వెల్త్ దేశాలవాళ్లు రెండేళ్లు ఇక్కడ నివసిస్తే ఓటు ఇచ్చే నియమం వల్ల మూడు గుర్తులు పెట్టే హక్కు నాకూ ఉంది. అందుకే ఇక్కడి చర్చలో నాకూ ఒక పక్షం ఉంది. ఓడినవాళ్లకు కుర్చీ ఉండాలి. అది మతం లెక్కన కాదు, పార్టీకి దేశం మొత్తం మీద వచ్చిన ఓట్ల లెక్కన రావాలి. అలా ఉండి ఉంటే 1982లో, 1995లో, 2024లో ఓడినవాళ్లకు ఓటేసిన లక్షలమందికి సభలో గుప్పెడుమంది కాదు, తగినంతమంది ఉండేవాళ్లు. మన 175లో 11కు కూడా ఇదే వర్తిస్తుందని నా నమ్మకం.

2018లో ఈ దిశగా తెచ్చిన సవరణ బిల్లు నాలుగింట మూడొంతుల బలం లేక ఆగిపోయింది. 2024లో గెలిచిన కూటమికి ఆ బలం వచ్చింది. ఐక్యరాజ్యసమితి దాకా వెళ్లిన ఆ చిన్న పార్టీ కూడా అదే కూటమిలో ఉండి ప్రభుత్వంలో భాగమైంది. సవరణ ఇప్పుడు తేకపోతే మరెప్పుడూ తేలేరని ఇక్కడి స్నేహితులతో వాదిస్తూనే ఉన్నాను.