తండా కుట్టుపని: దాది చేతి నుంచి బృందం దాకా



మా దాది పోయాక ఆమె రేకుపెట్టె తెరిచాం. ఒక అతుకుల బొంత, సూదుల డబ్బా, సగం కుట్టి వదిలేసిన సంచి ఉన్నాయి. పెళ్లినాటి ఫేటియా, కాంచళి మాత్రం లేవు. యాడిని అడిగితే అసలు సంగతి చెప్పింది. నేను పుట్టకముందే స్టీలు సామాన్లవాడికి వాటిని వేసి రెండు గిన్నెలు, ఒక బకెట్టు తీసుకున్నారట. ఆ గిన్నెలు ఇప్పటికీ మా వంటింట్లో ఉన్నాయి. నగరాల్లో పాత బంజారా బట్టలను ముక్కలుగా కోసి, దిండు గలీబులుగా, చేతిసంచులుగా కుట్టి అమ్మే దుకాణాలు చూసినప్పుడల్లా నా కళ్లు దాది కాంచళి ముక్క కోసం వెతుకుతాయి. దొరికినా గుర్తుపట్టగలనా అన్నది వేరే మాట.

మన కుట్టుపనిని పండగనాటి అలంకారంగా మాత్రమే చూడటం మనకు అలవాటైంది. చరిత్రలో అది పనిముట్టు. మనవాళ్లు ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని దేశమంతా తిరిగిన కాలాన్ని తలచుకోండి. 17వ శతాబ్దంలో మన దేశానికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, పదివేలు, పన్నెండువేల ఎద్దులు ఒకే బిడారుగా సాగడం గురించి రాశాడు. అలాంటి ప్రయాణంలో ఇల్లంటే గుడారమే, బీరువా అంటే సంచే. డబ్బుకొక సంచి, వక్కాకుకొక సంచి. నీళ్ల కుండ కింద చుట్టకుదురు, దాని వెనక వీపు మీదికి వేలాడే ఫూలియా. ఎద్దు మీద వేసే బట్ట. ఇవన్నీ ఎండకూ వానకూ తట్టుకోవాలి. అందుకే పాతబట్టను పొరలు పొరలుగా వేసి, దగ్గర దగ్గరగా కుట్టు వేసేవాళ్లు. చిరిగిన చోట అతుకు పడేది. ఆ అతుకు మీద మళ్లీ కుట్టు, అద్దం, గవ్వ. అందం కోసమే చేశారనుకునేదానిలో సగం గట్టిదనం కోసం చేసిందే.

తర్వాత కథ మీకు తెలిసిందే, కాబట్టి క్లుప్తంగా చెబుతాను. రైళ్లు, రోడ్లు వచ్చి ఎద్దుల వ్యాపారాన్ని తిన్నాయి. 1871 నాటి నేరస్థ తెగల చట్టం తిరిగే జాతులన్నిటినీ అనుమానంగా చూసింది. 1952లో అది రద్దయ్యేదాకా ఎన్నో కుటుంబాలు ఆ ముద్ర మోశాయి. తండాలు ఒకచోట నిలబడ్డాయి. ఆడవాళ్లు కూలికి వెళ్లారు. రోజంతా నాట్లు వేసి వచ్చిన మనిషికి ఒక కాంచళి మీద నెలల తరబడి కూర్చునే తీరిక ఎక్కడిది? పైగా ఆ బట్టలతో బస్సెక్కితే చూసే చూపులు ఎలా ఉంటాయో మన యాడీలకు తెలుసు. మిల్లు చీర కట్టుకోవడం వాళ్లకు ఒక రకంగా రక్షణ కూడా. దానికి వాళ్లను తప్పుపట్టే హక్కు మనకు లేదు.

పోయిన పని తిరిగి వచ్చిన చోట్లు కూడా ఉన్నాయి. తమిళనాడులో ధర్మపురి జిల్లా సిట్టిలింగి లోయలోని లంబాడీ తండాల్లో కుట్టు దాదాపు కనుమరుగైంది. పెద్దవాళ్లలో ఇద్దరికి మాత్రమే గుర్తుండేది. అక్కడ ఆసుపత్రి నడుపుతున్న డాక్టర్ లలితా రెజీ ప్రోత్సాహంతో ఆ ఇద్దరూ మిగతా ఆడవాళ్లకు నేర్పారు. ఆ బృందం పేరు పోర్గాయ్. మన బోలీలో గర్వం అని అర్థం. కర్ణాటకలో బళ్లారి జిల్లా సండూరులో కుశల కళా కేంద్రం మన ఆడవాళ్ల కుట్టును నిలబెట్టింది. 2010లో సండూరు లంబాణీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. కీలన్, వేలే, మాకి, బక్యా, నాక్రా అంటూ అక్కడ పద్నాలుగు కుట్లకు పేర్లున్నాయి. 2023 జులైలో హంపిలో జి20 సమావేశం జరిగినప్పుడు 450 మందికి పైగా ఆడవాళ్లు చేసిన 1,755 వస్తువులను ప్రదర్శిస్తే గిన్నిస్ రికార్డు అయింది. ఒక సంగతి గమనించండి. ఆ గుర్తింపు సండూరు పేరు మీద ఉంది. తెలంగాణలోనో అనంతపురంలోనో మన తండాలో కుట్టినదాన్ని ఆ పేరుతో అమ్మలేం.

ఇక మా ఊరి సంగతి. మండల కేంద్రంలో కొందరు ఆడవాళ్లు ఆదివారం మధ్యాహ్నాలు ఒకచోట చేరి చేతిపనులు చేసుకుంటారు. మా ఫూఫిని నేనే బతిమాలి తీసుకెళ్లాను. మొదటిరోజు ఆమె గోడవారగా కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. అక్కడ ఒక పెద్దావిడ పెట్టె చరఖా మీద నూలు వడుకుతుంది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినామె. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని దువ్వుతారని, ఏకులు నలగకుండా ఎండిన అరటిదూటలో పెడతారని ఆమె చెబితే మేమంతా నోరు తెరుచుకుని విన్నాం. మాటల్లో ఆమె చూపు ఫూఫి చేతుల మీద పడింది. ఫూఫి సన్నదారం రెండు పోగులు తీసుకుని తొడ మీద అరచేత్తో పురి పెడుతోంది. “అమ్మా, నువ్వూ వడికేదానివే కదా!” అంది ఆవిడ. ఆరోజు నుంచి ఫూఫికి నోరు వచ్చింది.

ఇంకొకామె నరసాపురం దగ్గర పుట్టి మా వైపు కోడలిగా వచ్చింది. లేసు అల్లుతుంది. గోదావరి జిల్లాల్లో ఈ క్రోషా అల్లిక 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చింది. ఆమె ఫూఫికి గొలుసు అల్లడం నేర్పింది, ఫూఫి ఆమెకు అద్దం చుట్టూ కుట్టు వేయడం నేర్పింది. ఒకరోజు ఆమె అన్న మాట నాకు బాగా గుర్తుండిపోయింది. “వదినా, చిన్నప్పుడు నేను పువ్వులే అల్లేదాన్ని. అతుకుపని వేరేవాళ్లది. బల్లగుడ్డ మొత్తం అయ్యాక ఎలా ఉంటుందో చాన్నాళ్లు చూడనేలేదు.”

ఈ పరిస్థితి గురించే జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ 1982లో నరసాపురం లేసు ఆడవాళ్ల మీద పుస్తకం రాసింది. వాళ్లు అల్లినది విదేశాలకు పోయేది. లాభం వ్యాపారులకు పోయేది. ఇంట్లో ఖాళీగా కూర్చున్న గృహిణులు కాలక్షేపానికి అల్లుతున్నారన్న పేరు మాత్రం ఆడవాళ్లకు మిగిలేది. పని ముక్కలైపోయినప్పుడు ఎవరి చేతిలోనూ మొత్తం విద్య ఉండదు, ధర అడిగే నోరూ ఉండదు. నరసాపురం లేసుకూ 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. దాని ఫలితం అల్లే చేతుల దాకా ఎంత చేరుతుందన్నదే చూడాలి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా బృందానికీ ఒక బేరం వచ్చింది. ఒక దుకాణదారు నలభై సంచులు అడిగాడు. అద్దాలు జిగురుతో అంటిస్తే చాలట, అంచు మిషన్ మీద కుట్టొచ్చట, పైన బంజారా అని చీటీ వేస్తాడట. డబ్బు అవసరం లేనివాళ్లు మాలో ఎవరూ లేరు. రెండు ఆదివారాలు వాదన నడిచింది. చివరికి ఫూఫి ఒక లెక్క చెప్పింది. చేత్తో కుట్టిన సంచులు పది ఇస్తాం, ధర మేం చెబుతాం, ప్రతి సంచిలో కుట్టినామె పేరు, తండా పేరు ఉండాలి. మిగతా ముప్పై కావాలంటే కుట్టించుకో, బంజారా అన్న మాట మాత్రం రాయొద్దు. అతను ఆరింటికి ఒప్పుకున్నాడు. ఆరే. గెలిచామో ఓడామో నాకింకా తేలలేదు.

పని పంచుకుంటే మన విద్య బయటివాళ్లకు పోతుందని మన కుర్రాళ్లు కొందరు భయపడుతున్నారు. లేసు అల్లే ఆమె అద్దం కుట్టు నేర్చుకున్నందువల్ల మా తండాకు పోయిందేమీ లేదు. పోయిందల్లా స్టీలు గిన్నెలకు పోయింది. మన ఇళ్లలో ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకూ ఎవరూ నేర్పకపోవడం వల్ల పోయింది. నేను ఇప్పుడు అద్దం కుడతాను, వంకరగా. ఫూఫి విప్పించి మళ్లీ కుట్టిస్తుంది.

మీ ఇంట్లో పాత ఫేటియా, గోధడి, సంచి ఏది ఉన్నా ఫోన్‌లో ఫొటో తీయండి. ఎవరు కుట్టారో, ఏ తండా నుంచి కోడలిగా వచ్చారో, ఆ కుట్టును వాళ్లు ఏమనేవారో పక్కన రాసిపెట్టండి. అడిగితే ముసలివాళ్లు మొదట నవ్వుతారు, తర్వాత చెబుతారు.

దాది వదిలేసిన సగం సంచిని ఫూఫి పూర్తి చేస్తోంది. చివరి వరుసలో ఉన్న కుట్టు చూసి ఆమె ఆగిపోయింది. కుట్టడం వచ్చు, పేరు గుర్తురావడం లేదు. పక్క తండాలో దాదితో కలిసి కుట్టిన ముసలామె ఒకరున్నారు. హోళీకి వెళ్లినప్పుడు ఆమెను అడుగుతాం.