టర్బోచార్జరు – అదుపు కథ

రామగుండము చెంతనున్న జ్యోతినగర్ విద్యుత్కేంద్రపు ఉద్యోగుల నివాసస్థలము. ఎన్.టి.పి.సి. వారి ఈ థర్మల్ కేంద్రమున మొదటి యూనిట్ 1983లో పనిచేయ నారంభించెను. సింగరేణి బొగ్గు మంటపై పుట్టిన ఆవిరి ఇచ్చట టర్బైను రెక్కలను త్రిప్పును. సమీపమున, గోదావరిఖని ఉపరితల గనులలో తిరుగు పెద్ద డంపర్ల ఇంజన్లకును టర్బైను కలదు. అది చాల చిన్నది; దానిని త్రిప్పునది ఆవిరి కాదు, ఇంజను విడిచిన పొగ.

దీనినే టర్బోచార్జరందురు. స్విట్జర్లండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషీ 1905లో దీనికి పేటెంటు పొందెను. వృథాగా పోవు పొగతో టర్బైను తిరుగును. అదే ఇరుసుపై నున్న మరియొక చక్రము బయటి గాలిని నొక్కి సిలిండర్లలోనికి పంపును. గాలి హెచ్చినచో ఇంధనమును హెచ్చుగా మండింపవచ్చును. 1925 నాటికి బూషీ డీజిల్ ఇంజను శక్తిని నూటికి 40 పాళ్లకు మించి పెంచగలిగెను.

పెట్రోలు కారులో మాత్రము చిక్కు వచ్చినది. గాలిపీడనము మితిమీరినచో పెట్రోలు మిశ్రమము అదను తప్పి మండును. ఇంజనులో టకటకమను చప్పుడు పుట్టును. తుదకు పిస్టన్లు చెడును. 1962లో అమెరికాలో వెలువడిన ఓల్డ్స్‌మొబిల్ జెట్‌ఫైర్ కారులో దీని నివారణకై నీరు, మిథైల్ ఆల్కహాలు కలిపిన ద్రవమును ఇంజనులోనికి చిమ్మెడి ఏర్పాటు చేసిరి. ద్రవమైపోయినచో కారు బలము తగ్గెడిది. తొట్టి నింపుట మరచి, విసిగి, టర్బోచార్జరునే తీసివేయించుకొన్న యజమానులు కలరు.

1977లో స్వీడను దేశపు సాబ్ సంస్థ ప్రదర్శించిన కారులో ప్రక్కదారి కవాట మొకటి అదుపు భారము వహించెను. గాలిపీడనము హెచ్చగానే అది తెరచుకొని, కొంత పొగను టర్బైనుకు తగులకుండ పంపివేయును. 1980 దశాబ్దారంభమున పెర్ గిల్‌బ్రాండ్ మున్నగు ఇంజనీర్లు దీనికి విద్యుత్తును జోడించిరి. ఇంజనుకు బిగించిన పరికరము చెవివలె టకటకను వినును; ఎలక్ట్రానిక్ పెట్టె విద్యుత్కవాటము ద్వారా పీడనమును పెంచును, తగ్గించును.

ఇందలి వివేకము గమనింపదగినది. విద్యుత్తు ఆగినచో పీడనము కనీసస్థాయికి దిగును. కారు నెమ్మదించునే కాని ఇంజను చెడదు. కనుక ఇట్టి పాతకారు బలము తగ్గినంతనే టర్బోచార్జరును మార్చరాదు. ముందు గాలిగొట్టముల పగుళ్లను, పిమ్మట ఫ్యూజును, తీగలను, అతుకులను చూడవలెను. ప్రక్కదారి కవాటమునకు పీడన మందించు గొట్టము ఊడినచో మాత్రము పీడనము పెరిగిపోవును. అది విద్యుద్దోషము కాదు.

తుప్పుపట్టిన అతుకు పరీక్షకుని మోసగించును. కవాటపు తీగచుట్ట నిరోధము 20 ఓములు, తుప్పు నిరోధము 10 ఓములు అనుకొందము. తీగచుట్టను విడదీసి వోల్టుమీటరు పెట్టినచో 12 వోల్టులును కనబడును; ఏలయన మీటరు గుండ ప్రవహించు విద్యుత్తు అత్యల్పము. తీగచుట్టను కలిపినచో 0.4 ఆంపియరు ప్రవహించి, తుప్పు వద్దనే 4 వోల్టులు పోవును. చుట్టకు మిగులునవి 8. కావున పని జరుగుచుండగనే కొలువవలెను.

థర్మల్ కేంద్రముల టర్బైనులందును ఈ నీతియే కలదు. ఆవిరి నాపు అత్యవసర కవాటములను చమురు పీడనము తెరచి పట్టుకొనును. అది పోయిన తక్షణమే స్ప్రింగులు వాటిని మూసివేయును. శక్తిని పెంచుటయొక్కటే చాలదు. అదుపు తప్పిననాడు యంత్రము తనంతట శాంతించునట్లు చేయుటయు ఇంజనీరు ధర్మమే.